అడిగి చదువు తెచ్చుకున్న అనీ సలివన్

హెలెన్ కెల్లర్ పేరు మనందరికీ తెలుసు. ఆమె చేయి పట్టుకుని చదువు నేర్పిన అనీ సలివన్ గురించి మాత్రం మనకు తెలిసింది తక్కువ. హాస్టల్లో ఉండి చదువుకుంటున్న మనకు ఆమె జీవితం చాలా దగ్గరిది.

అనీ 1866 ఏప్రిల్ 14న అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో, ఐర్లండ్ నుంచి వలస వచ్చిన నిరుపేద కుటుంబంలో పుట్టింది. చిన్నతనంలోనే ట్రకోమా అనే కంటి జబ్బుతో చూపు మందగించింది. తల్లి చనిపోయింది, తండ్రి సాకలేకపోయాడు. 1876లో ఆమెను, తమ్ముడు జిమ్మీని ట్యూక్స్‌బరీలోని ప్రభుత్వ పేదల శరణాలయంలో చేర్చారు. కొద్ది నెలలకే తమ్ముడు అక్కడే కన్నుమూశాడు.

అంధులకు వేరే బడి ఉందని అనీ ఆ శరణాలయంలోనే విన్నది. 1880లో అధికారులు తనిఖీకి వచ్చినప్పుడు వారి వెంటపడి, తనను బడికి పంపమని వేడుకుంది. అదే ఏడాది బోస్టన్‌లోని పెర్కిన్స్ అంధుల పాఠశాలలో చేరింది. అప్పటికి ఆమెకు 14 ఏళ్లు, పేరు రాయడం కూడా రాదు. తోటివారు నవ్వినా పట్టుదలతో చదివింది. ఆపరేషన్లతో చూపు కొంత మెరుగుపడింది. 1886లో తరగతిలో ప్రథమురాలిగా నిలిచింది.

ఆ రోజుల్లోనే అలబామా రాష్ట్రంలో హెలెన్ తల్లిదండ్రులు సాయం కోసం తిరుగుతున్నారు. 19 నెలల వయసులో జబ్బుచేసి పాపకు చూపు, వినికిడి రెండూ పోయాయి. అలాంటి స్థితిలోనే ఉన్న లారా బ్రిడ్జ్‌మన్ పెర్కిన్స్‌లో చదువుకుందని తల్లి కేట్ ఒక పుస్తకంలో చదివింది. తండ్రి పాపను బాల్టిమోర్ డాక్టరుకు చూపించాడు. చూపు రాదుగాని చదువు చెప్పించవచ్చని ఆయన చెప్పి గ్రాహం బెల్ దగ్గరకు పంపాడు. బెల్ పెర్కిన్స్‌కు ఉత్తరం రాయమన్నాడు. ఆ ఉత్తరం ఫలితంగా 1887 మార్చి 3న అనీ వారింట అడుగుపెట్టింది.

జాలితో ఇంట్లోవాళ్లు హెలెన్ ఏం చేసినా ఊరుకునేవారు. అనీ ఆమెను పక్కనే ఉన్న చిన్న ఇంటికి తీసుకెళ్లి కొన్నాళ్లు తనే చూసుకుంది. అరచేతిలో వేళ్లతో అక్షరాలు రాస్తూ మాటలు నేర్పింది. నెల తిరిగేసరికి ఒకరోజు పంపు కింద చేయి తడుస్తుంటే, నీరు అనే మాటకు అర్థం హెలెన్‌కు తెలిసింది. తర్వాత కాలేజీలో ప్రతి పాఠాన్నీ అనీ ఆమె చేతిలో రాసింది. 1904లో హెలెన్ డిగ్రీ పూర్తి చేసింది. 1936లో చనిపోయేదాకా అనీ ఆమె తోడు వదల్లేదు.

అడగందే అమ్మైనా పెట్టదంటారు. అనీ అడిగింది, హెలెన్ తల్లిదండ్రులూ అడిగారు. మన ఊళ్లలో అక్షరాలు తిరగేసి రాసే పిల్లవాణ్ణి, ఎంత చెప్పినా లెక్క ఎక్కని పిల్లను మొద్దు అనేసి వదిలేస్తున్నాం. కూలికి వెళ్లే అమ్మానాన్నలకు ఎవరిని అడగాలో తెలియదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం నేర్చుకోవడంలో వచ్చే ఇబ్బందిని కూడా వైకల్యంగా గుర్తించింది. మన రాష్ట్రాల్లో ప్రత్యేక అవసరాల పిల్లల కోసం భవిత కేంద్రాలున్నాయి. ముందు కన్ను, చెవి పరీక్ష చేయించాలి. తర్వాత హెడ్మాస్టరు గారికి అర్జీ రాసి, నకలు దగ్గర ఉంచుకోవాలి. సెలవులకు ఇంటికెళ్లినప్పుడు ఆ అర్జీ రాసిపెట్టే పని చదువుకున్న మనదే.