పంట మడుల్లో గణితం - రోనాల్డ్ ఫిషర్

ఇంటర్మీడియట్ లెక్కల్లో విస్తృతి అనే మాట మనలో చాలామంది చదివిందే. దానికి ఆంగ్లంలో వేరియన్స్ అనే పేరు 1918లో పెట్టినవారు రోనాల్డ్ ఫిషర్.

ఆయన 1890 ఫిబ్రవరి 17న లండన్‌లో జన్మించారు. పద్నాలుగేళ్ల వయసులో తల్లి చనిపోయారు. ఆ తర్వాత తండ్రి వ్యాపారం దెబ్బతింది. 1909లో స్కాలర్‌షిప్ మీదనే కేంబ్రిడ్జిలో చేరారు. చూపు చాలా తక్కువ. కరెంటు దీపం కింద చదవకూడదని వైద్యులు చెప్పడంతో, స్కూలు రోజుల్లో సాయంత్రాలు గురువు చెప్పింది విని, కాగితం లేకుండా మనసులోనే లెక్కలు చేసేవారు. స్టడీ అవర్‌లో కరెంటు పోయినప్పుడల్లా మాకు ఈ సంగతే గుర్తొస్తుంది.

1919లో రోథమ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో చేరారు. అక్కడ ఏళ్ల తరబడి పోగైన పంట లెక్కలున్నాయి. ఒకే ఎరువు వేసినా రెండు మడుల్లో దిగుబడి ఒకేలా రాదు. నేల, తేమ, పురుగు, ఏదో ఒక తేడా ఉంటుంది. దీన్నే దోషం అంటారు. ఎరువు వల్ల వచ్చిన తేడా ఈ దోషాన్ని మించిందా లేదా అన్నది తేలాలి. అందుకు ఒక్కో ఎరువును అనేక మడుల్లో వేయాలనీ, ఏ మడికి ఏదో చీటీలు తీసినట్టు నిర్ణయించాలనీ ఫిషర్ చూపించారు.

ఈ పద్ధతికి ఒక షరతుంది. దోషాల విస్తృతి అన్ని గుంపుల్లో సమానంగా ఉండాలి. అది నిజమో కాదో చూసే పరీక్షను 1937లో బార్ట్‌లెట్ ఇచ్చారు. గీత ఆకారాన్ని ముందే అనుకోకుండా దత్తాంశం నుంచే రాబట్టే రిగ్రెషన్‌కు కూడా అలాంటి పరీక్షను 1998లో డెట్టె, మంక్ ప్రచురించారు.

ఇక మేము దాచదలచుకోని సంగతి ఒకటుంది. పై తరగతుల వాళ్లకే ఎక్కువ మంది పిల్లలు పుట్టాలని ఫిషర్ వాదించారు. జాతులపై యునెస్కో చేసిన ప్రకటనతో విభేదించి, మానవ సమూహాల మధ్య తెలివిలో పుట్టుకతోనే తేడాలుంటాయన్నారు. మన తాతలను బడి గడప తొక్కనివ్వని వాళ్లదీ ఇలాంటి మాటే. పంట విషయంలో నేల తేడాను అంత జాగ్రత్తగా లెక్కగట్టిన మనిషి, మనుషుల దగ్గరకొచ్చేసరికి ఆ నేలను పట్టించుకోలేదు. ఆయన గుర్తుగా పెట్టిన రంగుటద్దాల కిటికీని కేంబ్రిడ్జిలోని ఆయన కాలేజీ 2020లో తొలగించింది.

ఫిషర్ 1962 జూలై 29న ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో మరణించారు. ఆయన పర్యవేక్షణలో 1948లో కేంబ్రిడ్జి నుంచి పిహెచ్‌.డి. పొందినవారు మన ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన సి.ఆర్. రావు.