లెక్క చూసి శిస్తు వేసిన దివాన్
సాలార్‌జంగ్ అంటే మనకు మ్యూజియమే గుర్తొస్తుంది. అది మనవడు మూడో సాలార్‌జంగ్ సేకరణ. తాతగారు మీర్ తురాబ్ అలీ ఖాన్ 1853లో, 24 ఏళ్లకే హైదరాబాద్ దివాన్ అయ్యారు. ఖజానా అప్పుల్లో ఉంది. ఎక్కువ ఇస్తానన్నవాడికే తాలూకా గుత్తకిచ్చేవారు. వాడు రైతును పిండేవాడు. ఏ ఊళ్లో ఎంత పండుతుందో సర్కారుకే సరిగ్గా తెలీదు.

ఆయన గుత్తలు తీసేసి జీతాలిచ్చి అధికారుల్ని పెట్టారు. 1865లో జిలాబందీ, తర్వాత భూముల సర్వే: కొలిచి, నేల రకం చూసి శిస్తు. అచ్యుతాపురంలో సెజ్‌కి భూములిచ్చినవాళ్లకు కొలత విలువ వేరే చెప్పాలా! ఆయనుండగానే, 1881లో, రాజ్యంలో మొదటి జనాభా లెక్కలు జరిగాయి. అయితే జాగీర్లు, సర్ఫ్-ఎ-ఖాస్ భూములు ఈ సంస్కరణలకు బయటే ఉండిపోయాయి. 1883లో కలరాతో వఫాతయ్యారు.