సాగరగర్భ సాహసి – మాల్కం వాంక్లిన్

శత్రువు కంటబడకుండా సముద్రగర్భంలో సంచరిస్తూ యుద్ధం చేయడం జలాంతర్గామి నావికుల విధి. అక్కడ చూపు పరిమితం, గాలి పరిమితం. ఒక్క పొరపాటు జరిగినా అందరి ప్రాణాలకూ ముప్పే. అటువంటి కఠినమైన విధిలో ధైర్యంతోపాటు ఓర్పుకూ పేరుగాంచిన నావికాధికారి మాల్కం డేవిడ్ వాంక్లిన్.

వాంక్లిన్ 1911 జూన్ 28న కలకత్తాలో ఒక బ్రిటిష్ కుటుంబంలో జన్మించారు. 1925లో ఇంగ్లాండులోని డార్ట్‌మత్ నావికా కళాశాలలో చేరారు. శిక్షణానంతరం 1933లో జలాంతర్గామి దళంలో ప్రవేశించారు. ఆయన మితభాషి, శాంతస్వభావులు. రెండవ ప్రపంచయుద్ధం సాగుతుండగా 1940లో ‘అప్‌హోల్డర్’ అనే చిన్న జలాంతర్గామికి అధిపతి అయ్యారు.

ఆ రోజుల్లో ఉత్తర ఆఫ్రికాలో పోరాడుతున్న ఇటలీ, జర్మనీ సేనలకు సైనికులు, ఇంధనం, ఆయుధాలు ప్రధానంగా మధ్యధరా సముద్రం మీదుగానే చేరేవి. ఆ మార్గంలో ఉన్న మాల్టా ద్వీపం బ్రిటిష్ వారి స్థావరం. 1941 జనవరిలో అప్‌హోల్డర్ అక్కడినుండి గస్తీ ఆరంభించింది. తొలి గస్తీలో ఒక జర్మన్ నౌకను దెబ్బతీసినా, తరువాతి గస్తీలలో టార్పెడోలు గురి తప్పాయి. మాల్టాలో టార్పెడోలకు తీవ్రమైన కొరత. అందువల్ల వాంక్లిన్‌ను పదవిలో కొనసాగించడమా, మానడమా అని పై అధికారి సింప్సన్ ఆలోచనలో పడ్డారు. చివరకు మరొక అవకాశం ఇవ్వదలచారు. వాంక్లిన్ నిరాశపడలేదు. ఏప్రిల్ గస్తీతో విజయాలు ఆరంభమయ్యాయి.

1941 మే 24వ తేదీ సాయంకాలం సిసిలీ తీరాన సైనికులతో నిండిన ‘కోంటె రోస్సో’ అనే పెద్ద నౌక కనబడింది. అప్‌హోల్డర్‌లో శబ్దాన్ని గుర్తించే యంత్రం అప్పటికే చెడిపోయింది. మిగిలినవి రెండే టార్పెడోలు. మసక వెలుతురులో కేవలం పెరిస్కోపును నమ్ముకొని వాంక్లిన్ గురిపెట్టారు. నౌక మునిగిపోయింది. వెంటనే రక్షకనౌకలు నీటిలోతున పేలే బాంబులను 37 జారవిడిచాయి. శత్రునౌకలు ఎటు ఉన్నవో తెలిపే సాధనం లేకపోయినా, ఆయన చలించక తన నావికులను క్షేమంగా మాల్టాకు చేర్చారు. ఈ సాహసానికి బ్రిటన్ అత్యున్నత శౌర్యపతకమైన విక్టోరియా క్రాస్ లభించింది.

అయితే ఆ నౌకలోని సుమారు 2,700 మందిలో దాదాపు 1,300 మంది జలసమాధి అయ్యారు. యుద్ధంలో ఒకరి విజయం మరొకరి ఇంట శోకమవుతుందన్న సత్యాన్ని మనం విస్మరించరాదు.

అదే ఏడాది సెప్టెంబరు 18న దిక్సూచి యంత్రం పనిచేయని స్థితిలోనూ ఆయన ‘నెప్ట్యూనియా’, ‘ఓషియానియా’ అనే రెండు భారీ సైనికనౌకలను ముంచారు. విశిష్ట సేవాపతకం ఆయనను మూడుసార్లు వరించింది.

1942 ఏప్రిల్‌లో అప్‌హోల్డర్ తన 25వ గస్తీకి బయలుదేరింది. అది ముగిసిన పిదప స్వదేశానికి మరలవలసి ఉంది. ఇంటివద్ద భార్య, పసివాడైన కుమారుడు ఎదురుచూస్తున్నారు. కాని ఆ నౌక తిరిగి రాలేదు. అందులోని వారెవరూ బ్రతకలేదు. అప్పటికి వాంక్లిన్ వయస్సు ముప్పై ఏళ్ళు మాత్రమే. ఎందరినో బలిగొన్న సముద్రమే ఆయనకూ సమాధి అయింది.

ఓటమిలో కుంగిపోకపోవడం, ఆపదలో నిబ్బరం కోల్పోకపోవడం వాంక్లిన్ జీవితం నేర్పే పాఠం. వీరులను స్మరించుకుంటూనే, అంతటి మూల్యం చెల్లించవలసిన యుద్ధాలు లేని లోకాన్ని కోరుకోవడం మన కర్తవ్యం.