డాక్టరు రుఖ్మాబాయి

స్త్రీజనోద్ధరణమను మాట వినినంతనే మన తెలుగువారికి వీరేశలింగముగారు జ్ఞప్తికి వచ్చుట సహజము. ఆయన 1881లో రాజమహేంద్రవరమున మొదటి వితంతు వివాహము జరిపించెను. పిదప నాలుగేండ్లకు బొంబాయి హైకోర్టున మరియొక పోరాటము సాగెను. అచట పోరాడినది సంస్కర్త కాదు. ఇష్టములేని కాపురమునకు పోనని నిలిచిన ఇరువది యేండ్ల యువతి.

రుఖ్మాబాయి 1864లో బొంబాయిలో వడ్రంగి కులమున జన్మించెను. పసితనముననే తండ్రి గతింపగా తల్లి జయంతీబాయి డాక్టరు సఖారాం అర్జున్‌ను పునర్వివాహమాడెను. ఆ కులమున అది నిషిద్ధము కాదు. పదునొకండవ యేట రుఖ్మాబాయికి దాదాజీ భికాజీ అను యువకునితో పెండ్లి జరిగెను. ఆమె అత్తవారింటికి పోలేదు. మారుటి తండ్రి యింటనే ఉండి పుస్తకములు తెప్పించుకొని చదువుకొనెను.

1884లో దాదాజీ భార్యను తన కప్పగింపవలెనని వ్యాజ్యమునకు పూనుకొనెను. 1885లో న్యాయమూర్తి పిన్హే, ఊహ తెలియని ప్రాయమున జరిగిన పెండ్లిని పట్టుకొని, ఎదిగిన స్త్రీని బలవంతముగా కాపురమునకు పంపజాలనని దావా కొట్టివేసెను. అప్పీలులో ఆ తీర్పు నిలువలేదు. 1887 మార్చిలో న్యాయమూర్తి ఫారన్, నెలలోపల భర్త యింటికి పోవలెను, లేనిచో ఆరు మాసములు కారాగారమని ఆజ్ఞాపించెను. ఆమె కారాగారమునకే సిద్ధపడెను. తిలక్ మహాశయుని పత్రికలు ఆమెను తీవ్రముగా నిరసించెను. స్వరాజ్యవిషయమున మనకు పూజ్యుడైన ఆయన ఇచట పొరపడెనని చెప్పక తప్పదు.

ఆమె ధైర్య మెంతటిదైనను, ఒంటరిగా నెగ్గుట దుర్లభము. మారుటి తండ్రి 1885లోనే మరణించియుండెను. అట్టి సమయమున బహరాంజీ మలబారీ మున్నగువారు ఆమె రక్షణకై ఒక కమిటీని నెలకొల్పిరి. హిందువులు, పారశీకులు, ఆంగ్లేయులు అందు కలిసి పనిచేసిరి. పండిత రమాబాయి ఆమె కథను తన ఆంగ్లగ్రంథమున లోకమునకు తెలిపెను. తుదకు 1888లో దాదాజీ రెండువేల రూపాయలు పుచ్చుకొని తీర్పు అమలును వదలుకొనెను. భార్యయే కావలెనని నాలుగేండ్లు కోర్టుల చుట్టు తిరిగినవాడు పైకముతో తృప్తిపడుట గమనింపదగినది!

కామా ఆస్పత్రి వైద్యురాలు ఈడిత్ పీచీ ప్రోత్సాహమున, విరాళముల సహాయమున రుఖ్మాబాయి 1889లో ఇంగ్లండునకు పోయెను. అచట మెక్లారెన్ దంపతులు ఆమెకు అండగా నిలిచిరి. లండను స్త్రీల వైద్యకళాశాలలో చదివి 1894లో పట్టము పొందెను. తిరిగి వచ్చి మొదట సూరతులోను, పిదప రాజకోటలోను స్త్రీల ఆస్పత్రులను దశాబ్దములపాటు నడిపెను. ఈలోపల 1891లో, కలకత్తాలో ఫూల్‌మణి అను బాలిక మరణమును ఈ వ్యాజ్యమును దేశమును కలచివేసిన ఫలితముగా, సమ్మతి వయస్సు పదినుండి పండ్రెండేండ్లకు పెరిగెను. ఎంత స్వల్పమైన మార్పు! దానికే ఎంత అలజడి!

ఆమె 1955 సెప్టెంబరులో తొంబదియవ యేట కన్నుమూసెను. ఆ యేడే వచ్చిన హిందూ వివాహచట్టపు 9వ సెక్షనులో దాదాజీ కోరిన హక్కు మరల చోటుచేసికొనెను. దానిని 1983లో మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు సరితగారి వ్యాజ్యమున రాజ్యాంగవిరుద్ధమని కొట్టివేసెను. మరుసటి యేడు సుప్రీంకోర్టు ఆ సెక్షను చెల్లునని నిర్ణయించెను.