నదులను చదివిన ఇంజనీరు: సర్ ఆర్థర్ కాటన్

విద్యార్థులారా! కావేరీ తీరమున తరతరములుగా నివసించుచు, ఇంట తెలుగును, వీధిలో తమిళమును మాటలాడు మనకు నదీమాతలు ఇద్దరు. మన పొలములకు నీరిచ్చునది కావేరి. మన భాషలో భారత రచనకు శ్రీకారము జరిగినది గోదావరి యొడ్డున. కావేరివద్ద నేర్చిన విద్యను గోదావరియందు ఫలింపజేసిన మహాపురుషు డొకడు గలడు. ఆయన మన దేశీయుడు గాడు. మన భాషవాడును గాడు. ఆయనయే సర్ ఆర్థర్ కాటన్.

కాటన్ 1803వ సంవత్సరము మే 15వ తేదీన ఇంగ్లండు దేశమున ఒక పెద్ద కుటుంబమున జన్మించెను. పదునైదవ యేట ఆడిస్కంబు సైనిక విద్యాలయమున జేరి, ఇంజనీరింగు నభ్యసించి, 1821లో ఈస్టిండియా కంపెనీవారి కొలువున చెన్నపట్టణము చేరెను. తొలినాళ్ళలో పాంబను జలమార్గమును కొలుచు పనిలో నుండెను. పిమ్మట ఆయనకు కావేరి నీటిపారుదల పనులు లభించినవి. ఆయన జీవితమునకు దారి చూపినవి ఈ పనులే.

ఆ కాలమున తంజావూరు సీమకు పెద్ద యాపద దాపురించి యుండెను. తిరుచిరాపల్లికి ఎగువను కావేరి రెండుగా చీలును. ఉత్తరపు పాయయైన కొల్లిడము పల్లముగా నుండుటచే నీరంతయు నానాటికి అటే పోవుచుండెను. కావేరి పాయ ఇసుకతో పూడిపోవుచుండెను. ఇట్లే సాగినచో తంజావూరు మాగాణులు బీళ్ళగుట నిశ్చయము. కాటన్ ఈ సమస్యకు పరిష్కారమును విదేశ గ్రంథములలో వెదకలేదు. ప్రాచీన చోళులు నిర్మించిన కల్లణై యొద్దకు పోయి పరిశీలించెను. లోతున ఎక్కడను రాతినేల దొరకని ఇసుక నదిలో ఆ కట్టడము శతాబ్దములుగా ఎట్లు నిలిచినదో చూచి యాశ్చర్యపడెను. ఇసుకపై పునాది వేయు రహస్యమును తాను మన పూర్వులవద్దనే నేర్చితినని ఆయన ఉత్తరోత్తర వినయముతో నంగీకరించెను. ఆ విద్యతో 1836లో కొల్లిడముపై ముక్కొంబువద్ద ఎగువ ఆనకట్టను, దానికి చాల దూరమున దిగువ ఆనకట్టను కట్టించెను. కావేరికి నీరు తిరిగి దక్కెను; తంజావూరు నిలిచెను.

ఇక గోదావరి కథ వినుడు. అంతటి మహానది ప్రక్కనే పారుచుండగా ఆ మండలమున ప్రజలు ఆకలిచే చచ్చుచుండిరి. వానలు లేని యేట పైరు ఎండిపోవును. వరద వచ్చిన యేట ఊళ్ళు మునిగిపోవును. నందననామ సంవత్సరపు కరవు, అనగా 1832-33 నాటి క్షామము, తీరాంధ్రమును అల్లకల్లోల మొనర్చెను. 1839లో వచ్చిన తుపాను కోరంగి ప్రాంతమును ముంచివేసెను. కంపెనీవారు తమ బట్టల వ్యాపారమును మానుకొనుటచే నేతగాండ్ర మగ్గములును మూలబడెను. 1821లో 7 లక్షల 38 వేలుగా నున్న ఆ జిల్లా జనసంఖ్య 1841 నాటికి 5 లక్షల 61 వేలకు దిగజారినది. శిస్తు రాబడి పడిపోవుటచే ప్రభుత్వమునకు కనువిప్పు కలిగి, 1844లో విచారణ జరుగగా, కాటన్ గోదావరిని పరిశీలించి నివేదికలు సమర్పించెను. నీరు సముద్రము పాలగుచుండగా జనులు క్షామము పాలగుట పాలకులకే సిగ్గుచేటని వాదించెను. 1846లో అనుమతి లభించెను. 1847లో ధవళేశ్వరమువద్ద పని ప్రారంభమయ్యెను.

అచ్చట నది లంకలతో గూడి నాలుగు మైళ్ళ వెడల్పున నుండును. ఆ లంకలను ఆధారము చేసికొని ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము అను నాలుగు భాగములుగా ఆనకట్టను విభజించిరి. కట్టవలసిన రాతికట్టడమే రెండు మైళ్ళకు మించినది. దాని ఎత్తు 12 అడుగులు మాత్రమే. నీటిని నిల్వచేయుట ఆ యానకట్ట పనిగాదు. నీటిమట్టమును కొంత పైకెత్తి కాలువలలోనికి మరల్చుటయే దాని పని. ధవళేశ్వరపు కొండరాయి దగ్గరనే యుండుట గొప్ప సౌకర్యమయ్యెను. వేలకొలది కూలీలు ఎండనక శ్రమించిరి. నడుమ కాటన్ ఆరోగ్యము చెడి సెలవుపై పోగా కెప్టెన్ ఓర్ పనిని సాగించెను. 1852లో ఆనకట్ట పూర్తియయ్యెను.

ఈ ఘనకార్యమున వీణెం వీరన్న అను తెలుగువాని పేరు మరువరాదు. అధికారుల భాషయు, పనివాండ్ర భాషయు నెరిగిన ఆయన ఇరువురకు నడుమ వారధియై నిలిచెను. ఆయన సహాయమును కాటన్ మనసార మెచ్చుకొనెను. ప్రభుత్వము ఆయనకు రాయబహద్దరు బిరుద మిచ్చెను. రెండు భాషలు నేర్చుట భారమని తలచు విద్యార్థి ఒకమారు వీరన్నను స్మరింపవలెను.

ఆనకట్టతో కరవుసీమ అన్నపూర్ణ యయ్యెను. నేడు సుమారు 10 లక్షల ఎకరములు ఆ నీటితో పండుచున్నవి. కాలువలు పొలములను తడుపుటయేగాక పడవలకును దారియయ్యెను. లాకుల మూలమున ధాన్యము రాజమహేంద్రవరమునుండి కాకినాడకు చేరుచుండెను. కృష్ణానదిపై బెజవాడ ఆనకట్టయు 1855లో కాటన్ ప్రోత్సాహముననే పూర్తియయ్యెను. పిమ్మటి కాలమున కాకినాడనుండి ఏలూరు మీదుగా చెన్నపట్టణము వరకు జలమార్గ మేర్పడినది.

అయితే చరిత్ర చదువువారు రెండవ ప్రక్కను గూడ చూడవలెను. కంపెనీ ఖర్చు పెట్టినది ప్రజలపై ప్రేమచేతనే గాదు, శిస్తు పెరుగునను ఆశచేతను. కాటన్ తలపెట్టినవన్నియు ఫలింపనూ లేదు. తుంగభద్రనుండి కర్నూలు, కడప సీమలకు కాలువ త్రవ్వుటకై ఆయన ప్రేరణతో ఒక ప్రైవేటు కంపెనీ ఏర్పడెను. వ్యయము అంచనాలను మించిపోయెను. నల్లరేగడి నేలలలో వానపైరుల కలవాటుపడిన రైతులు కాలువనీటికి ముందుకు రాలేదు. తుదకు 1882లో ప్రభుత్వమే ఆ కాలువను కొనవలసి వచ్చెను. గోదావరి డెల్టాలో గెలిచిన ఉపాయము రాయలసీమలో ఓడినది. నేల స్వభావమును, రైతు మనస్సును గూడ నది వలెనే చదువవలెనని ఈ యపజయము నేర్పుచున్నది.

రైళ్ళకంటె కాలువలే ఈ దేశమునకు మేలని కాటన్ జీవితాంతము వాదించెను. దేశములోని నదులను కాలువలతో కలుపవలెనని కలలు గనెను. 1878లో బ్రిటిషు పార్లమెంటు సంఘము ఎదుట డెబ్బదియైదేండ్ల వృద్ధుడై నిలిచి ప్రశ్నలకు బదులు చెప్పెను. ఆ సంఘము ఆయన వాదము నంగీకరింపలేదు. ఆయన నిరాశ చెందలేదు. 1861లోనే సర్ బిరుదము పొందిన ఆయన, ముదిమిలో డార్కింగు పట్టణమున తన పెరటిలో లోతుగా దున్ని గోధుమ పండించు ప్రయోగములు చేయుచు, 1899వ సంవత్సరము జూలై 24వ తేదీన తన తొంబదియారవ యేట కన్నుమూసెను.

పాత యానకట్ట స్థానమున 1982లో పూర్తియైన క్రొత్త బ్యారేజీకి ఆయన పేరే పెట్టిరి. నేను గోదావరి మండలమున ఉపాధ్యాయ శిక్షణ పొందు దినములలో ఒక సాయంకాలము ఆ గట్టున నిలిచితిని. ప్రక్కన నున్న వృద్ధ కర్షకుడొకడు కాటన్‌దొర పేరు పలుకుచు చేతులు జోడించెను. చదువురాని ఆ రైతు కృతజ్ఞతను చూచి నా తల వంగినది. నాకు వెంటనే మన కల్లణై జ్ఞప్తికి వచ్చెను. ఆ గోదావరి రైతు నమస్కారములో సగము, పేరు తెలియని మన కావేరీ తీరపు తాపీపనివారికి చెందును గదా!

ప్రియవిద్యార్థులారా! సెలవులలో పెద్దలతో గూడి కల్లణైకి పొండు. ఊరక చూచి రాక, నీరెక్కడ చీలుచున్నదో, ఎక్కడ మళ్ళుచున్నదో గమనింపుడు. పెద్ద కట్టడములు దేశమునకు అన్నము పెట్టును. కాని అవి నేలను, నీటిని, మనుష్యులను ఓపికతో తెలిసికొనిన వారి చేతులలోనే నిలుచును. మీలో నొకరు రేపు ఇంజనీరగుదురేమో! అప్పుడు మీరు మొదట తెరువవలసిన గ్రంథము మీ యూరి కాలువయే.