ప్రాణశక్తి అన్వేషి యల్లాప్రగడ సుబ్బారావు

ప్రతి జీవికీ ఆహారం లభించే కాలమొకటి, లభించని కాలమొకటి ఉంటాయి. తడ వద్ద విస్తరించిన పులికాట్ సరస్సును చూచినా ఈ సత్యం బోధపడుతుంది. ఈశాన్య రుతుపవనాల వేళ కాళంగి, ఆరణి నదులు మంచినీటితోపాటు పోషకాలను మోసుకొని వస్తాయి. వేసవిలో నీరు తగ్గి ఉప్పదనం పెరుగుతుంది. ఆ సరస్సులోని ప్రాణికోటి ఈ మార్పులకు లోబడియే జీవిస్తుంది.

ఇంతకంటె కఠినమైన జీవనం ధ్రువప్రాంతాల లైకెన్లది. మన మసాలాదినుసులలో వాడే రాతిపువ్వు కూడ ఒక లైకెనే. శిలీంధ్రం, శైవలం పరస్పరాశ్రయంతో కలసి జీవించగా ఏర్పడినదే లైకెన్. నేలనుండి ఆహారం పీల్చుకొనే వేళ్లు దీనికి లేవు. దీర్ఘమైన శీతకాలమంతా అది గడ్డకట్టి నిద్రాణస్థితిలో ఉంటుంది. మంచు కరిగే స్వల్పకాలంలో, ఆ నీటితో వచ్చే నత్రజనిని, భాస్వరాన్ని త్వరితంగా గ్రహిస్తుంది. భాస్వరాన్ని పాలీఫాస్ఫేట్ల రూపంలో కణాలలో నిల్వచేసుకొంటుంది. తివాచీవలె పరచుకొని పెరిగే కొన్ని జాతులు ముదిరిన అడుగుభాగం నుండి పోషకాలను వెనక్కు తీసుకొని, ఎదిగే కొనలకు అందిస్తాయి.

మంచు ఎడారిలోని లైకెనుకైనా, మనిషి కండరానికైనా శక్తిని అందించే భాస్వర పదార్థం ఒక్కటే. దానిని లోకానికి వెల్లడించినవారిలో ఒకరు మన తెలుగువారైన యల్లాప్రగడ సుబ్బారావు.

ఆయన 1895 జనవరి 12వ తేదీన భీమవరంలో వెంకమ్మ, జగన్నాథం దంపతులకు జన్మించారు. బాల్యమంతా పేదరికంలో గడచింది. ఒకనాడు కాశీలో యాత్రికులకు అరటిపండ్లు అమ్మి ధనం గడించాలని ఇల్లు విడిచి బయలుదేరగా, తల్లి వెనక్కు రప్పించింది. రెండుమార్లు తప్పిన పిమ్మట, మూడవ ప్రయత్నంలో మెట్రిక్యులేషన్ ఉత్తీర్ణులయ్యారు. సన్న్యసించాలన్న ఆయన కోరికకు తల్లి సమ్మతించలేదు. రామకృష్ణ మఠంవారి సలహాపై వైద్యవిద్యవైపు మళ్లి, మద్రాసు వైద్య కళాశాలలో చేరారు. స్వదేశీ దీక్షతో ఖద్దరు ధరించినందుకు ఆంగ్లేయ ఆచార్యుని ఆగ్రహానికి గురై, ఎం.బి.బి.ఎస్.కు బదులు తక్కువస్థాయి ఎల్.ఎం.ఎస్. పట్టాతో తృప్తిపడవలసివచ్చింది.

ఇంతలో స్ప్రూ అనే వ్యాధి ఆయన సోదరులిద్దరిని ఎనిమిది రోజుల వ్యవధిలో బలిగొన్నది. తిన్న ఆహారంలోని పోషకాలను పేగులు గ్రహించలేక మనిషి క్రమంగా క్షీణించే జబ్బు అది. కంచంలో అన్నమున్నా దేహానికి కరువు తప్పదు. ఆ దుఃఖం సుబ్బారావును జీవితాంతం వెన్నాడింది.

మామగారి సహాయంతోను, కాకినాడలోని సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ తోడ్పాటుతోను 1922లో ఆయన అమెరికా చేరారు. బోస్టన్ నగరంలోని ఒక ఆసుపత్రిలో రాత్రివేళ రోగుల మలమూత్రపాత్రలు శుభ్రపరచే పని చేస్తూ, పగలు హార్వర్డ్‌లో చదువుకొన్నారు. అనంతరం సైరస్ ఫిస్క్‌తో కలసి జీవరసాయన పరిశోధన ఆరంభించారు.

రక్తంలోను, కండరంలోను అత్యల్పంగా ఉండే భాస్వరాన్ని కచ్చితంగా కొలవడం ఆనాడు దుస్సాధ్యంగా ఉండేది. వీరిద్దరు 1925లో దానికొక సులభమార్గం ప్రకటించారు. ఫాస్ఫేటును ఆమ్లద్రావణంలో మాలిబ్డేటుతో కలిపి, తగిన రసాయనం చేర్చినప్పుడు నీలివర్ణం పుడుతుంది. ఆ నీలిమ గాఢతను బట్టి భాస్వర పరిమాణం తెలుస్తుంది. నీటిలోనైనా, జీవకణంలోనైనా భాస్వరాన్ని లెక్కించడానికి ఈ నీలివర్ణ సూత్రం నేటికీ ప్రయోగశాలలలో వాడుకలో ఉన్నది.

ఈ కొలమానమే వారికి కండరాలలోని శక్తి రహస్యాన్ని తెలిపింది. 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఎ.టి.పి.ని వెల్లడించారు. జర్మనీలో లోమాన్ కూడ అదే సంవత్సరం ఎ.టి.పి.ని కనుగొన్నారు. కండరాల కదలికకు లాక్టిక్ ఆమ్లమే మూలమన్న నాటి సిద్ధాంతం దీనితో కదలిపోయింది. కండరం శక్తిని భాస్వర పదార్థాలుగా నిల్వచేసుకొని, అవసరమైనప్పుడు వ్యయపరుస్తుందని తేలింది.

ఇంతటి కృషి చేసినా హార్వర్డ్‌లో ఆయనకు స్థిరమైన ఉద్యోగం లభించలేదు. 1940లో లెడర్లీ పరిశోధనశాలలో చేరారు. ఆయన నాయకత్వంలోని బృందం 1945 నాటికి ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. స్ప్రూ వ్యాధికి అది ఔషధమైనది. సోదరులను కాపాడుకోలేకపోయిన సుబ్బారావు, ఎందరి సోదరులకో ప్రాణదానం చేశారు. తీరాంధ్ర ప్రజలను పీడించిన బోదకాలు వ్యాధికి హెట్రజాన్, పసిపిల్లల రక్తక్యాన్సరుకు ఎమినోప్టెరిన్, తొలి టెట్రాసైక్లిన్ ఔషధమైన ఆరియోమైసిన్ ఆ పరిశోధనశాల నుండే వెలువడినవి.

1948 ఆగస్టులో న్యూయార్క్‌లో ఆయన నిద్రలోనే హఠాత్తుగా కన్నుమూశారు. అప్పటికి ఆయన వయస్సు 53 సంవత్సరాలు. పాతికేళ్లకు పైగా విదేశంలో ఉన్నా అమెరికా పౌరసత్వం స్వీకరించలేదు. మాతృదేశానికి తిరిగి రానూలేదు. ఆయనకోసం ఎదురుచూచిన భార్య శేషగిరికి ఆ నిరీక్షణే మిగిలింది.

1953లో ఒక శిలీంధ్ర ప్రజాతికి సుబ్బారోమైసెస్ అని ఆయన పేరు పెట్టారు. 1995లో శతజయంతి సందర్భంగా భారత తపాలాశాఖ ఆయన స్మారక బిళ్లను విడుదల చేసింది. నోబెల్ బహుమతి మాత్రం ఆయనకు రాలేదు. అయినా ఆయన సాధించిన ఔషధాలు నేటికీ రోగులకు ప్రాణం పోస్తూనే ఉన్నాయి. పరీక్షలో తప్పడం జీవితంలో తప్పిపోవడం కాదని విద్యార్థులు ఆయన చరిత్రవల్ల గ్రహించాలి.