రాజీపడని కాపరి – బిషప్ అజరయ్య గారు

మన శతవార్షిక సంచికలో బిషప్ వేదనాయగం శామ్యూల్ అజరయ్య గారి పేరు లేకుండుట తగదు. ఆంగ్లికన్ సంఘములో తొలి భారతీయ బిషప్‌గా ఆయనను అందరును ఎరుగుదురు. ఆ ఘనతను గూర్చి గాక, పాపముతో రాజీపడని ఆయన నడవడిని గూర్చి నాలుగు మాటలు వ్రాయగోరుచున్నాము. ఖమ్మం దాటి భద్రాచలం అడవుల అంచున పరిచర్య చేయుచున్న మాకు ఈ పాఠము మిక్కిలి అవసరమైనది.

అజరయ్య గారు 1874 ఆగస్టు 17న తిరునెల్వేలి జిల్లాలో ఒక పల్లె గురువు ఇంట జన్మించిరి. తండ్రి మరణించినపుడు ఆయన బాలుడే. తల్లి ఎల్లెన్ గారు ఆయనను ప్రార్థనలోను క్రమశిక్షణలోను పెంచిరి. విద్యార్థి దశలోనే, క్రైస్తవ విద్యార్థుల మధ్యనున్న కులభేదములు పోవలెనని స్నేహితులతో కలసి ఒక చిన్న సమాజము నెలకొల్పిరి. మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదివి, 1895లో వై.ఎం.సి.ఏ. కార్యదర్శి అయిరి.

1903లో తిరునెల్వేలి భారతీయ మిషనరీ సంఘము ఏర్పడుటకు ఆయనే ముఖ్య కారకులు. తమిళ విశ్వాసులు తమ కానుకలతో తెలుగువారికి సువార్త పంపిన సంఘమది. నిజాం రాజ్యములోని డోర్నకల్ దాని పరిచర్య క్షేత్రమైనది. ఇతరులను అడవికి పంపి, తాము పట్టణములో నిలిచియుండుట ఆయన మనస్సాక్షికి సరిపడలేదు. 1909లో గురువుగా అభిషేకము పొంది, పేరుగల ఉద్యోగము విడిచి, కుటుంబముతో డోర్నకల్ చేరిరి. తెలుగు నేర్చుకొనిరి. 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్‌గా ప్రతిష్ఠింపబడిరి. తరువాత డయాసిస్ విస్తరించి, గోదావరి తీరమున కోయల మధ్య మిషనరీలు పనిచేసిన దుమ్ముగూడెం వంటి పాత క్షేత్రములును అందులో చేరినవి.

పల్లెలకు పల్లెలే బాప్తిస్మము కోరి వచ్చిన కాలమది. లెక్క పెరుగుటయే గొప్ప అనుకొన్నచో ఆయన పని సులభమయ్యెడిది. కాని విశ్వాస ప్రమాణము, ప్రభువు ప్రార్థన, పది ఆజ్ఞలు నేర్వనిదే, పాత జీవితము విడువనిదే బాప్తిస్మము తగదని ఆయన పట్టుబట్టిరి. మురికి, రోగము, అప్పు, త్రాగుడు అను నాలుగు దయ్యములు పల్లెను పీడించుచున్నవని బోధించుచుండిరి. పరిశుద్ధత ఆదివారపు వస్త్రము కాదు; ఇల్లు ఊడ్చుట, అప్పు తీర్చుట, కల్లుకుండ విడుచుట, ఒకే భార్యతో నమ్మకముగా నుండుట కూడ పరిశుద్ధతయే అని ఆ బోధ సారాంశము. అందుకే డోర్నకల్‌లో గురువులుగా తర్ఫీదు పొందువారితో పాటు వారి భార్యలకును శిక్షణ ఏర్పాటు చేసిరి. ఇల్లు మారక సంఘము మారదు కదా!

కుల విషయములోను ఆయన మెత్తబడలేదు. మాల, మాదిగ విశ్వాసులు ఒకే బల్లయొద్ద ఒకే పాత్రలోనిది పుచ్చుకొనవలెనన్నదే ఆయన పట్టుదల. 1910లో ఎడింబరో మహాసభలో, మిషనరీలు త్యాగము చూపిరే గాని భారతీయులకు స్నేహము చూపలేదని దొరల ముఖము మీదనే తెలిపిరి. పల్లెలో చిన్నవారిని గద్దించిన నోరే పెద్దల సభలోను సత్యము పలికినది.

1930ల తొలి భాగములో ప్రభుత్వము క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గములు ఇవ్వజూపినపుడు, లాభముగా కనబడిన దానిని ఆయన వ్యతిరేకించిరి. దానివలన సంఘము స్వలాభము చూచుకొను ఒక రాజకీయ వర్గముగా మారునని ఆయన భయము. మరియొకవైపు గాంధీగారు మతమార్పిడులను విమర్శించినను, ఆశచూపి చేర్చుకొనుట పాపమేయని ఒప్పుకొనుచు, నిజముగా వచ్చువారికి బాప్తిస్మము నిరాకరింపలేదు.

అయితే రాజీపడకుండుట అనగా మన దేశపు అలవాట్లను త్రోసివేయుట కాదు. 1939 జనవరి 6న ప్రతిష్ఠింపబడిన డోర్నకల్ కతీడ్రల్ చూడుడి. దేవాలయ స్తంభముల తీరు, మసీదు గుమ్మటముల తీరు అందులో కలసియున్నవి. విడువవలసినది పాపమును గాని, భాషను, పాటను, కట్టడమును కాదని ఆ గోడలు చెప్పుచున్నవి.

ఫలితమేమి? అంటరానివారని నెట్టివేయబడినవారి బ్రదుకులు మారుట చూచి, 1930లలో ఇతర కులములవారు వేలసంఖ్యలో సంఘమును ఆశ్రయించిరి. ప్రసంగముకంటె నడవడి బిగ్గరగా పలికినది. 1945 జనవరి 1న ఆయన ప్రభువునందు నిద్రించునాటికి విశ్వాసులు రెండు లక్షలు దాటిరి.

ఇక మా మాట. కొన్ని ఏండ్ల క్రిందట అడవి అంచు పల్లెలో ఒక వివాహము జరిపించితిమి. ఆరాధన క్రమము తప్పలేదు. కాని విందులో పందిరి వెనుక ఇప్పసారా పోయుచుండిరి. ఒక కులమువారికి వేరుగా వడ్డించిరి. మేము చూచితిమి. పెద్దలు నొచ్చుకొందురని, కానుకలు తగ్గునని నోరు మెదపక, భోజనమునకు ప్రార్థన చేసి వచ్చితిమి. మరుసటి ఆదివారము పరిశుద్ధతను గూర్చి ప్రసంగించుటకు నిలువగా, వెనుక వరుసలోని ఒక ముసలమ్మ తల వంచుకొనెను. ఆమె మనుమడు ఆ రాత్రి త్రాగి పడియుండెనని పిమ్మట వింటిమి. మా మౌనము ఖరీదు ఆ యింటివారు చెల్లించిరి. వెళ్లి ఆమెను క్షమాపణ అడిగితిమి. అప్పటినుండి వివాహమునకు ముందే ఇరుపక్షములవారిని కూర్చుండబెట్టి, సారా ఉండరాదని, పంక్తి ఒకటే ఉండవలెనని మాట తీసుకొనుచున్నాము. కొందరు అలిగిరి; కొందరు మారిరి.

రాజీ ఒక్కనాడు సంఘమును కూల్చదు. చెదపురుగువలె దూలమును లోపల తినివేయును. నూరేండ్ల ఉత్సవము చేసికొనుచున్న మనము, ఆ దూలమును తట్టి చూచుకొందుముగాక. ఆ కాపరి జీవితము మనకు మాదిరియగును గాక. ఆమేన్.